ఆఫీసు నుంచొచ్చాక నలభై నిమిషాల్లో రాత్రి వంట: ఒక కుక్కర్, ఒక మూకుడు చాలు

"సాయంత్రం ఏడున్నరకి ఇంటికొస్తాం, అప్పుడు ఏం వండుకోవాలి, తొందరగా అయిపోవాలి, ఖర్చు ఎక్కువ కాకూడదు, ఒంటికి మంచిది కావాలి." ఈ మాట నన్ను అడగనివాళ్ళు లేరు. కొత్తగా ఉద్యోగంలో చేరి హాస్టల్ వదిలేసి ఫ్లాట్ తీసుకున్న పిల్లలు అడుగుతారు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు అడుగుతారు, అమెరికా వెళ్ళిన మా చుట్టాల పిల్లలు ఫోన్ చేసి మరీ అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నా.

ముందే ఒక మాట. కొత్త కొత్త రెసిపీలు వెతకొద్దు. రోజూ రాత్రి కొత్తది చెయ్యాలనుకుంటే వారంలో మూడో రోజుకే విసుగొచ్చి బయట నుంచి తెప్పించుకుంటారు. అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు. ఇది సరిగ్గా చెయ్యడం వస్తే చాలు, ఆకుకూర మార్చి, కూరగాయ మార్చి నెలంతా నడిపించొచ్చు. ఇంకోటి ఏంటంటే, వంట ఆలస్యమయ్యేది పొయ్యి దగ్గర కాదు. పప్పు నానకపోవడం దగ్గర, కూరగాయ కొయ్యకపోవడం దగ్గర ఆలస్యమవుతుంది. అందుకే సాయంత్రం వంటలో సగం పని పొద్దున్నే పది నిమిషాల్లో అయిపోవాలి. నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి (నలుగురికి)

- 5 లీటర్ల కుక్కర్, అందులో ఒకదాని మీద ఒకటి పట్టే రెండు గిన్నెలు
- ఒక మూకుడు, దానికి సరిపోయే మూత
- బియ్యం ఒకటిన్నర కప్పు
- కందిపప్పు ముప్పావు కప్పు, అంటే సుమారు 150 గ్రాములు
- పాలకూరో తోటకూరో రెండు మూడు కట్టలు
- బీరకాయలు ముప్పావు కిలో (లేదా సొరకాయ, క్యాబేజీ, బీన్స్, ఏది చవగ్గా దొరికితే అది)
- ఉల్లిపాయ ఒకటి, టమాటాలు రెండు, పచ్చిమిర్చి నాలుగైదు, నిమ్మకాయంత కాదు, అందులో సగం చింతపండు
- పోపు సామాను: ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ
- పసుపు, ఉప్పు, కారం, నూనె

ఖర్చు సంగతి చూడండి. కిలో కందిపప్పు ఇలా ముప్పావు కప్పు చొప్పున వాడితే ఆరు రోజులు దాటుతుంది. ఆకుకూర దగ్గర్లో రైతు బజారుంటే అక్కడ కొనండి, ధరల బోర్డు చూసుకోవచ్చు, సాయంత్రం మూసే ముందు వెళ్తే మిగిలిపోయిన కట్టలు తగ్గించి ఇచ్చేస్తారు కూడా. కందిపప్పు రేటు పెరిగినప్పుడు పెసరపప్పుకి మారిపోండి. అది నానబెట్టకపోయినా ఉడుకుతుంది, రాత్రిపూట తేలిగ్గా అరుగుతుంది.

పొద్దున్న పది నిమిషాలు

1. కందిపప్పు రెండుసార్లు కడిగి, మునిగేలా నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టేసి వెళ్ళిపోండి. బయట పెట్టకండి, ఎండాకాలంలో సాయంత్రానికి పులిసి నురగ కట్టి వాసనొస్తుంది. మర్చిపోయారా, కంగారేం లేదు, ఇంటికి రాగానే వేడి నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి.

2. బీరకాయ చెక్కు తీసి ముక్కలు కోసి డబ్బాలో పెట్టండి. కోసేటప్పుడు ప్రతి కాయలోంచీ చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ పారెయ్యాలి. ఉడికిస్తే చేదు పోతుందిలే అనుకోవద్దు, పోదు, పైగా చేదు బీరకాయ, చేదు సొరకాయ తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చెక్కు మాత్రం పారెయ్యకండి. నూనెలో వేయించి, నువ్వులు, పచ్చిమిర్చి, కాస్త చింతపండు వేసి రుబ్బితే రేపటికి పచ్చడి.

3. ఆకుకూర కొయ్యకండి. మట్టి కాడలు తీసేసి, తడి లేకుండా బట్టలోనో కాగితంలోనో చుట్టి పెట్టండి. కోసి పెడితే సాయంత్రానికి అంచులు నల్లబడతాయి.

సాయంత్రం నలభై నిమిషాలు

1. ఇంట్లోకి రాగానే, కాళ్ళు చేతులు కడుక్కున్నాక మొదటి పని కుక్కరే. నానిన పప్పు వంచేసి గిన్నెలో వేసి రెండు కప్పుల నీళ్ళు, పావు చెంచా పసుపు, నాలుగు చుక్కల నూనె వెయ్యండి. నూనె ఎందుకంటే నురగ పొంగకుండా. ఉప్పు, టమాటా, చింతపండు ఇప్పుడే వెయ్యకండి. పులుపు పడితే పప్పు మెత్తబడడం ఆలస్యమవుతుంది.

2. బియ్యం కడిగి రెండో గిన్నెలో, కప్పుకి రెండు కప్పుల నీళ్ళు లెక్కన పోయండి. పాత సోనామసూరి అయితే ఇంకో పావు కప్పు ఎక్కువ పడుతుంది. కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోసి కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె పెట్టండి. అడుగు నీళ్ళు మర్చిపోతే కుక్కర్ మాడి రబ్బరు, సేఫ్టీ వాల్వ్ రెండూ పోతాయి, కాబట్టి మూత పెట్టేముందు ఒక్కసారి కళ్ళతో చూసుకోండి.

3. వెయిట్ పెట్టే బొడ్డు కన్నంలోంచి వెలుతురు కనపడుతోందో లేదో మూత పైకెత్తి చూడండి. అందులో మెతుకో పప్పు పొట్టో ఇరుక్కుంటే ఆవిరి పోదు, అది ప్రమాదం. రోజూ చెయ్యాల్సిన పని ఇది, రెండు సెకన్లు పడుతుంది.

4. పెద్ద మంట మీద మొదటి కూత రానివ్వండి. వచ్చాక మంట బాగా తగ్గించి పన్నెండు నిమిషాలు టైమర్ పెట్టుకోండి. "ఎన్ని విజిల్స్?" అని అందరూ అడుగుతారు గానీ ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది, మా అమ్మ కుక్కర్ నాలుగు కూసేలోపు నాది రెండే కూస్తుంది, అందుకని కూతలు లెక్కపెట్టడం కంటే గడియారం చూడడమే నమ్మకం. తర్వాత కట్టేసి దానంతటదే చల్లారనివ్వండి, పదినిమిషాలు. వెయిట్ ఎత్తి ఆవిరి తీసేస్తే పప్పు నురగ పైకి తన్నుకొచ్చి చెయ్యి కాలుతుంది.

5. కుక్కర్ తన పని తను చేస్తుండగా పక్క పొయ్యి మీద మూకుడు. రెండు చెంచాల నూనె, కొంచెం ఆవాలు, జీలకర్ర, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి. ఉల్లిపాయ మెత్తబడగానే బీరకాయ ముక్కలు, ఉప్పు, పసుపు వేసి మూత పెట్టెయ్యండి. నీళ్ళు పొయ్యొద్దు. ఐదు నిమిషాలకి మూత తీసి చూస్తే ముక్కలు వాటి నీళ్ళలోనే మునిగి ఉంటాయి. ఇంకో ఐదు నిమిషాలు మూత లేకుండా ఆ నీళ్ళు ఇగరనిచ్చి కొంచెం కారం, కొత్తిమీర వెయ్యండి. గరిట అంచుతో నొక్కితే ముక్క తెగాలి, చితికిపోకూడదు. క్యాబేజీ అయితే ఇదే పద్ధతి, పిడికెడు నానిన పెసరపప్పు కలపండి. బీన్స్, దొండకాయకి మాత్రం ఇంకో పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అవి పెట్టుకున్న రోజు కూర ముందు మొదలుపెట్టాలి.

6. కూర వేరే గిన్నెలోకి తీసేసి అదే మూకుడు, కడగక్కర్లేదు, అందులో పప్పుకి పోపు. ఇక్కడ మాత్రం ఫోన్ పక్కన పెట్టి నిలబడండి, ఎందుకంటే పప్పు రుచంతా ఈ రెండు నిమిషాల్లోనే ఉంది. రెండు చెంచాల నూనె బాగా వేడెక్కాలి, ఒక్క ఆవగింజ వేస్తే వెంటనే చిట్లాలి. ఆవాలు వెయ్యండి, చిటపటలు తగ్గుతుండగా మినప్పప్పు, అది ఎర్రబడడం మొదలవ్వగానే జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి ఆరు రెబ్బలు. వెల్లుల్లి అంచులు బంగారం రంగుకొచ్చాక కరివేపాకు, చివరన చిటికెడు ఇంగువ. కమ్మటి వాసనొస్తే సరిగ్గా ఉన్నట్టు, ఘాటుగా ముక్కుకెక్కితే మాడినట్టు. మాడిందా, మొహమాటం లేకుండా పారబోసి మళ్ళీ పెట్టండి, రెండు చెంచాల నూనె పోతే పోయింది, లేకపోతే పప్పంతా చేదెక్కుతుంది.

7. పోపులోనే తరిగిన టమాటాలు, పచ్చిమిర్చి వేసి మగ్గాక ఆకుకూర వేసి మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. పాలకూర ఇలా వేస్తే పచ్చగా ఉంటుంది, కుక్కర్లో పప్పుతోపాటు పెడితే బూడిద రంగుకి తిరుగుతుంది. ఈలోపు కుక్కర్ మూత వస్తుంది. పప్పుని పప్పుగుత్తితో మెదిపి మూకుట్లో పోసి, ఉప్పు, పల్చటి చింతపండు రసం వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. గోంగూర, చుక్కకూర అయితే చింతపండు అసలే వద్దు, వాటి పులుపే చాలు.

అన్నం, పప్పు, కూర, పెరుగు. పక్కన ఊరమిరపకాయో, వడియమో ఉంటే ఇంకేం కావాలి.

ఎక్కడ తప్పు చేస్తారు

అందరికంటే ఎక్కువ వినే ఫిర్యాదు "పప్పు ఎంతసేపు పెట్టినా మెదగట్లేదు". మాకూ జరిగింది. ఊరి చివర ఒక అద్దె ఇంట్లోకి మారాక రెండు నెలలు పప్పు పలుకుగానే ఉండేది. ముందు పప్పు బాగోలేదని షాపు మార్చాం, తర్వాత రబ్బరు మార్చాం, కొత్త కుక్కర్ కొందామని కూడా అనుకున్నాం. ఒకరోజు పక్కింటావిడ చూసి "బోరు నీళ్ళతో వండుతున్నావా అమ్మా, ఇక్కడ పప్పు ఉడకదు, తాగే నీళ్ళు పొయ్యి" అంది. ఆ రాత్రే ఫిల్టర్ నీళ్ళు పోసి పెడితే పప్పు వెన్నలా వచ్చింది. ఉప్పు నీళ్ళలో, అంటే కాల్షియం ఎక్కువుండే బోరు నీళ్ళలో పప్పు మెత్తబడదు. నానబెట్టడానికి కూడా తాగే నీళ్ళే వాడండి. నీళ్ళు మార్చినా ఉడకకపోతే అప్పుడు పప్పుని అనుమానించండి, ఏడాది పైగా డబ్బాలో ఉన్న పప్పు గట్టిపడుతుంది. అలాంటిదాన్ని రాత్రంతా నానబెట్టి వాడుకోవాలి.

రెండోది, కుక్కర్ మూత పక్కల నుంచి ఆవిరి పోతూ కూత రాకపోవడం. రబ్బరు సాగింది. కట్టేసి చల్లారాక రబ్బరు తీసి చల్లనీళ్ళలో ముంచి మళ్ళీ పెడితే ఆ పూటకి పనవుతుంది, తెల్లారి కొత్తది కొనండి.

మూడోది, కూర తక్కువ చెయ్యడం. ఇది ఎవరూ తప్పనుకోరు కానీ నా దృష్టిలో అసలు తప్పు ఇదే. అరకిలో బీరకాయ చెక్కు తీసి ఉడికిస్తే మిగిలేది ఒక చిన్న గిన్నె, అది నలుగురికి పంచితే మనిషికి రెండు చెంచాలు, మిగతా కడుపంతా అన్నమే. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే రోజువారీ పళ్ళెంలో మనిషికి 400 గ్రాముల కూరగాయలున్నాయి. అందులో సగమైనా రాత్రికి రావాలి కదా. అందుకే ముప్పావు కిలో అన్నాను, ఆకుకూర దానికి అదనం. బియ్యం కూడా అందుకే ఒకటిన్నర కప్పే రాశాను. చాలదనిపిస్తే ముందు కూర పెంచండి, అప్పటికీ చాలకపోతే అన్నం.

నూనె సంగతి కూడా చెప్పాలి. అదే పళ్ళెంలో రోజుకి మనిషికి 27 గ్రాములు. వంట చేసేటప్పుడు ఎవరూ తూకం వెయ్యరు కాబట్టి నెల లెక్క చూడండి, నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో నెలకి సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెలలో అయిపోతుంటే పోపు గరిటె చిన్నది చెయ్యండి. నేను నూనె సీసాలోంచి నేరుగా పొయ్యడం మానేసి చెంచాతో వెయ్యడం మొదలుపెట్టాక చాలా తగ్గింది.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

పప్పు: ఒక బద్ద వేళ్ళ మధ్య నొక్కితే లోపల పలుకు తగలకూడదు. గరిటలోంచి పోస్తే ముద్దగా పడకుండా, నీళ్ళలా జారకుండా ఉండాలి. దించేటప్పుడు కొంచెం పల్చగానే ఉంచండి, పళ్ళెంలోకి వచ్చేసరికి చిక్కబడుతుంది. పైన నీళ్ళు, కింద పప్పు విడిపోయి కనపడితే మెదపడం చాల్లేదని అర్థం.

ఉప్పు: చింతపండు రసం పడ్డాక చూడండి, ముందు చూస్తే లెక్క తప్పుతుంది. ఎక్కువైతే ఒక టమాటా, అర గ్లాసు వేడినీళ్ళు కలిపి మరిగించండి.

అన్నం: మెతుకు నొక్కితే మధ్యలో తెల్ల చుక్క ఉంటే ఇంకా కావాలి. మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలితే చాలాసార్లు సర్దుకుంటుంది, మళ్ళీ పొయ్యి మీద పెట్టక్కర్లేదు.

పప్పు వద్దనిపించిన రోజుల్లో

పెసరట్టు. ఒకటిన్నర కప్పు పచ్చ పెసలు, రెండు చెంచాల బియ్యం పొద్దున్నే నానబెట్టి, ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బడమే. పులియబెట్టే పని లేదు. పెనం మీద నీళ్ళు చల్లితే చుయ్యిమని ఆవిరవ్వాలి, అప్పుడు మంట తగ్గించి అట్టు వెయ్యాలి. అంటుకుంటుంటే సగం కోసిన ఉల్లిపాయతో పెనం రుద్దండి. తొందరపడి తిప్పొద్దు, అంచులు వాటంతటవే లేస్తాయి. ఉప్మా లోపల పెట్టే ముచ్చట ఆదివారానికి ఉంచుకోండి.

కోడిగుడ్డు పులుసు, గుడ్లు ఉడకబెట్టకుండా. ఉల్లిపాయ, టమాటా మగ్గించి, చింతపండు రసం, కారం, ఉప్పు వేసి పులుసు తెర్లుతుండగా మంట తగ్గించి గుడ్లు ఒక్కొక్కటీ పగలగొట్టి విడివిడిగా వదలండి. మూత పెట్టి ఆరేడు నిమిషాలు కదపకండి. గరిట పెట్టారంటే పొరటు అవుతుంది, అది కూడా బాగానే ఉంటుందనుకోండి. గుడ్డు ముందు చిన్న గిన్నెలోకి కొట్టుకుని చూసి వేస్తే ఒకటి పాడైనా పులుసంతా పోదు.

పులగం. ఒళ్ళు అలిసిపోయిన రోజు ఇదే. ఒక కప్పు బియ్యం, అర కప్పు వేయించిన పెసరపప్పు, నాలుగున్నర కప్పుల నీళ్ళు, ఇంట్లో ఉన్న క్యారెట్, బీన్స్, సొరకాయ ఏదైనా, జీలకర్ర, మిరియాలు. నేరుగా కుక్కర్లోనే, మొదటి కూత తర్వాత సన్నమంట మీద ఎనిమిది నిమిషాలు. కుక్కర్ సగానికి మించి నింపొద్దు, పప్పు నురగ కడుతుంది. రాయలసీమలో దీనికి చెనిక్కాయల (వేరుశెనగల) పచ్చడి జత, ఒకసారి తిని చూడండి.

జొన్న రొట్టె చెయ్యడం రాకపోతే బాధపడొద్దు. హైదరాబాద్‌లో సాయంత్రం రోడ్డు పక్కన రొట్టెలు కొట్టి వేడివేడిగా అమ్మేవాళ్ళు చాలా చోట్ల ఉన్నారు, మూడు నాలుగు తెచ్చుకుని ఇంట్లో పప్పు, కూర మాత్రం చేసుకోండి. రాత్రి అన్నం తగ్గించాలనుకునేవాళ్ళకి ఇదే తేలిక దారి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి

ఇన్‌స్టంట్ పాట్‌లో, అంటే కరెంటుతో నడిచే ప్రెషర్ కుక్కర్‌లో, కూతలుండవు కాబట్టి అయోమయపడతారు. గిన్నెలో గిన్నె పద్ధతే, అడుగున ఒక కప్పు నీళ్ళు, నానిన పప్పుకి హై ప్రెషర్‌లో పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు దాన్నలా వదిలెయ్యండి. తాజా ఆకుకూర దొరక్కపోతే ఫ్రోజెన్ పాలకూర బాగానే పనికొస్తుంది, కరిగించకుండా నేరుగా పోపులో వెయ్యండి, నీరు ఇగిరేదాకా తిప్పండి. కరివేపాకు దొరికినప్పుడు ఎక్కువ కొని కడిగి ఆరబెట్టి ఫ్రీజర్లో పెట్టుకోండి.

మిగిలితే

అన్నం రాత్రంతా గిన్నెలో బయట వదిలెయ్యొద్దు. గంటలోపు వెడల్పు పళ్ళెంలోకి తీసి చల్లార్చి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడే తినెయ్యండి, వేడి చేసేటప్పుడు లోపలిదాకా పొగలు రావాలి. బయట వదిలిన అన్నంలో ఒకరకం బాక్టీరియా విషం తయారవుతుంది, వేడి చేసినా ఆ విషం పోదు. పప్పు మిగిలితే నీళ్ళు, ఇంకాస్త చింతపండు, రెండు మునక్కాడలు వేసి మరిగిస్తే మర్నాటికి పప్పుచారు. ఆకుకూర పప్పు మాత్రం రెండో రోజు దాటనివ్వకండి.

ఇక పడుకునేముందు రేపటి పప్పు డబ్బా, గిన్నె గట్టు మీద పెట్టుకోండి. పొద్దున్న కళ్ళ ముందుంటే కడిగి నానబెట్టడం మర్చిపోరు.